నాలుగో సెట్టు వంతు

మూడు పలికింది. నాలుగు పలకలేదు. ఐదు పలికింది. ఆరు, ఏడు, ఎనిమిది చకచకా పలికాయి, చివరన ఎవరిదీ కాని వంతు ఒకటి ఖాళీగా తెరుచుకుని మూసుకుంది, మళ్లీ ఒకటి మొదలైంది. దేవకి బల్ల మీద మోచేతులాన్చి తల్లి సెట్టు ముఖాన వెలిగి ఆరుతున్న ఎర్ర దీపాల వరసనే చూస్తూ కూర్చుంది. శ్రీరాంపూర్ దగ్గర బొగ్గు గుంత అంచున రేకుల గది అది, మధ్యాహ్నపు ఎండకు కప్పు చిటపటమంటోంది. కంపెనీ ఆఫీసర్లు భోజనాలకు పోయారు. పోయేవాళ్లు ఊరికే పోతారా, మేం వచ్చేసరికి అంతా తయారుగా ఉండాలమ్మా అని చెప్పి మరీ పోయారు. తయారుగా ఉండడమంటే ఏమిటో వాళ్లకేం తెలుసు. కింద గుంతలో ఏడు డంపర్లలో ఏడు వైర్‌లెస్ సెట్లున్నాయి. నాలుగోది ఇక్కడే, ఆమె కాళ్ల దగ్గర గుడ్డ సంచిలో, ఒక మూల పగిలి పడి ఉంది. అది పలకదు. పలకదని తెలియని తల్లి సెట్టు మాత్రం ప్రతి చుట్టులోనూ దాన్ని పిలుస్తోంది, పిలిచి దాని వంతు అయ్యేదాకా నోరు మూసుకుని ఆగుతోంది, ఆ తర్వాతే ఐదు దగ్గరికి పోతోంది. ఆఫీసర్లు వచ్చేలోపు ఆ ఆగడం తీసేయాలి. ఒక నంబరు, రెండు మీటలు, అంతే పని. పొద్దుటినుంచీ ఆమె చేత కావడం లేదు.

"కొట్టేద్దాం మేడం నాలుగును," అన్నాడు హనుమండ్లు, గడప మీద కూర్చుని తీగలు చుడుతూ. కాలేజీ ల్యాబులో పదిహేనేళ్లుగా ఉన్న మనిషి, తలంతా నెరిసింది, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. "గీ ఖాళీ చూసి వాళ్లు ఏదో ఖరాబైందనుకుంటరు. పని ఆగిపోతది. ఇద్దరి కష్టం పోతది." ఇద్దరి అన్నాక అతను ఇక తలెత్తలేదు. "చేస్త హనుమండ్లూ. జర ఆగు," అంది దేవకి. ఆగు అనే మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తుందో, ఎదుటివాడు నిజంగా ఆగితే దాని బరువు ఎంత ఉంటుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు. హనుమండ్లు లేచి చేతులు దులుపుకుని మంచినీళ్ల కోసం బయటికి పోయాడు.

అసలు ఇదంతా మొదలైంది ఒక గోల దగ్గర. రెండేళ్ల కిందట ఇదే గుంతకు పిల్లలను తీసుకొచ్చి చూపిస్తున్నప్పుడు, డ్రైవర్ల చేతుల్లో వైర్‌లెస్ సెట్లుండేవి, అందరికీ కలిపి గాలిలో దారి మాత్రం ఒకటే. ఒకడు బండి ఆగిపోయిందంటాడు, అదే క్షణాన ఇంకొకడు మట్టి ఎక్కడ పోయాలంటాడు, రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడి వినేవాడికి గరగర తప్ప ఏమీ మిగలదు. మళ్లీ ఇద్దరూ చెబుతారు, మళ్లీ ఇద్దరూ ఒక్కసారే చెబుతారు. పిల్లలతో వచ్చిన తోటి లెక్చరర్ కైలాసం ఆ గరగర వింటూ నవ్వాడు. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, మోత మధ్య పుట్టినవాడికి అది కొత్తేముంది. తిరిగి కరీంనగర్ వచ్చేటప్పుడు బస్సులో, పక్క సీటులో మర్యాదగా జానెడు దూరం వదిలి కూర్చుని, "మేడం, ఒకటే దారి, అందరు కదిలేటోళ్లు, అందరికి మాట్లాడాలె. ఎట్ల పంచుదాం?" అని అడిగాడు. ఒకే కాలేజీలో ఇద్దరూ పాఠాలు చెప్పేవాళ్లు, అంతకుముందు నమస్తే అంటే నమస్తే అనుకోవడమే. ఆ ప్రశ్నతో మొదలై సాయంత్రాలన్నీ ల్యాబులోనే గడిచాయి, బోర్డు మీద గీతలు గీయడం, తుడవడం, మళ్లీ గీయడం, హనుమండ్లు టీ తెచ్చిపెట్టి చల్లారిపోయాయని గొణిగి మళ్లీ తేవడం. జీవితంలో ఆమె అంత సంతోషంగా ఎప్పుడూ లేదు, అప్పుడు ఆ సంగతి తెలియనే లేదు.

మూడు పలికింది. నాలుగు పలకలేదు. తన తల్లి శంకరవ్వ గురించి కైలాసం చెప్పింది ఆ మొదటి వారంలోనే. సాంచాలు నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదట, అందుకని ఖార్ఖానాలో ఎవరూ అరవరట. శంకరవ్వ నీళ్ల బిందె చంకనెత్తుకుని ఒక్కో సాంచా ముందుకూ పోయి నిలబడి గడ్డం ఇంత పైకెత్తుతుందట, కావాల్నా అన్నట్టు. సాంచా మీదివాడు చెయ్యెత్తితే కావాలని, తల ఊపితే వద్దని. ఆ తర్వాతే రెండో సాంచా. ఎవడన్నా తెగిన పోగు అతుకుతూ తల వంచుకుని ఉంటే ఆమె అక్కడే నిలబడి ఉంటుంది. "ఎంతసేపు నిలబడ్తది?" అంది దేవకి. "ఆడు తలెత్తేదాక." "మిగితోళ్లకు దూపైతె?" "అయితది. కని పోగు అతికేటోన్ని ఇడిచిపెట్టి పోతే, వాడు తలెత్తినప్పుడు ఎదురుంగ ఎవ్వరు ఉండరు గద మేడం." అలా తల్లి సెట్టు పుట్టింది. దానికి ఆ పేరు పెట్టింది కూడా అతనే. పిల్ల సెట్లు వాటంతట అవి మాట్లాడవు, తల్లి ఒక్కోదాన్ని వంతుగా పిలుస్తుంది, పిలిచినది పలుకుతుంది, గొడవే లేదు. ఒకటి పలకలేదంటే ఏం చేయాలన్న దగ్గరే వచ్చింది పేచీ అంతా.

ఆమె కొట్టేయాలంది. ఐదు చుట్లు వరసగా పలకకపోతే నంబరు తీసేయాలి, దాని కోసం దాచిన మాటలేమన్నా ఉంటే పారేయాలి, మిగతావాళ్ల వంతు తొందరగా వస్తుంది. అతను ససేమిరా అన్నాడు. "గా బండి మట్టిగుట్ట ఎనుకకు పోయింది మేడం, గుంతలకు దిగింది. సచ్చిపోలే. ఒడ్డెక్కితె పలుకుతది. అప్పటిదాక దాని వంతు దానికి ఉంచాలె, దానికి చెప్పాల్సిన మాట చెప్పుకుంటనే ఉండాలె." "అందరిని ఆపి ఒక్కదాని కోసం కూసుందామా?" "కూసుందాం." ఏం మనిషి, అంత మెత్తగా అంత మొండిగా ఎవరన్నా ఉంటారా. అప్పుడే ఆమె తన వంతు కనిపెట్టింది, చివరిది, ఎవరిదీ కానిది. చుట్టు అయిపోయాక తల్లి సెట్టు కాసేపు ఎవరినీ పిలవకుండా ఊరికే వింటుంది. కొట్టేసిన సెట్టు ఏదన్నా తిరిగొస్తే అప్పుడు తలుపు తట్టొచ్చు. రెండు ఒక్కసారే తడితే రెండూ చెడతాయి, చెడితే ఒక్కోటి తనకు తోచినంతసేపు ఆగి మళ్లీ తట్టాలి. కైలాసం చాలాసేపు బోర్డు వైపు చూసి, "పిలవనోళ్ల కోసం తలుపు. మంచిగున్నది మేడం. మీకెట్ల తోచింది?" అన్నాడు. ఆమె చెప్పలేదు. చెప్పాలంటే తన ఇంటి సంగతి చెప్పాలి. ఆమె తండ్రి జగన్మోహన్‌రావు దొర భోజనానికి కూర్చుంటే ఆయన ఎవరి వైపు చూస్తే వాళ్లే మాట్లాడాలి. అన్నలను చూస్తాడు, బావలను చూస్తాడు, పాలేరు వచ్చి తలుపు దగ్గర నిలబడితే వాడినీ చూస్తాడు. వరస చివరన కూర్చున్న దేవకి దగ్గరికి ఆయన చూపు వచ్చేలోపు భోజనం అయిపోయేది, చేయి కడుక్కునేవాడు. చదువుకుంటానని ఆమె చెప్పింది కూడా పెరట్లో చేతుల మీద నీళ్లు పోస్తూ, ఎవరిదీ కాని ఆ కాస్త సమయంలోనే.

ఎల్గందుల కోట గుట్ట చుట్టూ సెట్లు పట్టుకుని తిరిగి చూసిన రోజు. రాళ్ల వెనక్కి పోతే పలకదు, ఇవతలికి వస్తే పలుకుతుంది, అది రాసుకోవడమే పని. ఎండకు ముఖం కందిపోయి ఆమె మెట్ల మీద కూర్చుంటే అతను రెండు మెట్లు కిందగా కూర్చున్నాడు. చేతిలో నాలుగో సెట్టు, ఎప్పుడూ నాలుగే తీసుకునేవాడు, ఎందుకంటే వాళ్ల ఖార్ఖానాలో అతను నేసింది నాలుగో సాంచా మీదనట. "ఒక మాట అడుగుత మేడం. జవాబు ఇప్పుడే ఇయ్యకుండ్రి." ఆమెకు తెలిసిపోయింది, చీర కొంగు అంచు వేలికి చుట్టి మళ్లీ విప్పింది. "నాతోని బతుకుతరా?" ఇంత సూటిగా అడుగుతారా ఎవరన్నా. పెండ్లి అనలేదు, ప్రేమ అనలేదు, బతుకుతరా అన్నాడు. ఆమె చెప్పిన మాట, చెప్పిన ఒకే ఒక్క మాట, ఆలోచించుకోవాలె. అతను తల ఊపి లేచి ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకున్నాడు. "ఆలోచించుకోండ్రి. ఎన్ని రోజులన్న కానియ్యుండ్రి. మీ వంతు మీదే, నేను కొట్టెయ్య." అన్నాక ఇద్దరూ గుట్ట దిగి ఏమీ జరగనట్టు హనుమండ్లు తెచ్చిన పులిహోర తిన్నారు.

మళ్లీ అడగలేదు. ఒక్కసారి కూడా. కాకపోతే రోజూ పొద్దున ల్యాబులోకి వచ్చేటప్పుడు, సైకిల్ తాళంచెవి బల్ల మీద పెట్టి, ఆమె వైపు చూసి గడ్డం ఇంత పైకెత్తేవాడు. అంతే. అదెక్కడిదో ఆమెకు తెలుసు, చంకన బిందెతో శంకరవ్వ నిలబడినట్టే ఉండేది. ఆమె కాగితాల మీదికి తల వంచుకునేది. అతను ఆగేవాడు, రెండు ఊపిరుల సేపు, తర్వాత నవ్వి బోర్డు దగ్గరికి పోయేవాడు, పోయి పని మాటలే మాట్లాడేవాడు. వానలు మొదలై తగ్గాయి. బతుకమ్మకు ఇంటికి పోతే వదిన, నీ కోసం హైదరాబాద్ సంబంధం వచ్చిందమ్మా, పిల్లగాడు డాక్టర్ అంది. దొర వైపు చూస్తే ఆయన తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. సాలోళ్ల పిలగాడు అనే మాట ఆ ఇంట్లో ఎట్లా పలుకుతారో, ఏ గొంతుతో పలుకుతారో ఆమెకు తెలుసు. దానికే భయపడింది. తన కోసం కాదు, ఆ మాట అతని చెవిన పడుతుందనే భయం. ఏమో, తన కోసం కూడానేమో. ఇప్పుడు ఎవరికి అబద్ధం చెప్పి ఏం లాభం. రాత్రంతా దొర్లి దొర్లి తెల్లారేసరికి మనసు కుదుటపడింది. సరే. ఎవరేమన్నా సరే. సోమవారం పొద్దున నెమలికంఠం రంగు చీర కట్టుకుంది, అది సిరిసిల్లలో నేసిన చీర కాదని తెలిసినా అదే కట్టుకుంది, అందరికంటే ముందు ల్యాబుకు పోయి కూర్చుంది. ఇవాళ గడ్డం ఎత్తగానే తలెత్తాలి, తల ఊపాలి. నోటితో చెప్పాల్సిన పని కూడా లేదు. సైకిల్ చప్పుడు కోసం కిటికీ రెక్క తీసిపెట్టింది.

ఆదివారం ఊరికి పోయిన కైలాసం సోమవారం తెల్లవారుజామున స్నేహితుడి బండి మీద తిరిగి వస్తుంటే గ్రానైట్ లారీ గుద్దింది. స్నేహితుడు బతికాడు. ఆ సంగతి తెచ్చిన హనుమండ్లు తలుపు దగ్గరే నిలబడి చెప్పలేక చెప్పలేక చెప్పాడు. ఆమె ఏడవలేదు. ఏ వరసని ఏడుస్తుంది. ల్యాబులో ఒక సారు పోతే తోటి మేడం ఎంత ఏడవాలో అంతే ఏడ్చింది, సంతాప సభలో తన వంతు వచ్చినప్పుడు మంచి పరిశోధకుడు అంది. అది ఇప్పటికీ గొంతులో ముల్లులా గుచ్చుతుంది, ఆ మంచి పరిశోధకుడు అన్న మాట.

పదో నాడు కాలేజీ వాళ్లంతా ఒక జీపులో సిరిసిల్లకు పోయారు. మానేరు ఒడ్డున ఇసుకలో విస్తరి పరిచి, అతనికి ఇష్టమైనవన్నీ పెట్టారు, అన్నం, మటన్ కూర, సర్వపిండి, పక్కన ఒక సిగరెట్టు కూడా. సిగరెట్టు తాగుతాడని ఆమెకు తెలియనే తెలియదు. అందరూ దూరం జరిగి పిట్ట కోసం నిలబడ్డారు. కాకులు వచ్చాయి, చుట్టూ వాలాయి, విస్తరి దగ్గరికి ఎగిరెగిరి పోయి ముట్టకుండానే మళ్లాయి. పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో కొట్టుకుంటున్నట్టు, అదేమిటో కనుక్కుని మాటివ్వాలి. శంకరవ్వ మొదలుపెట్టింది. "కొడకా, నీ చెల్లె పెండ్లి నేను జేస్త, ఫికర్ జెయ్యకు." పిట్ట ముట్టలేదు. అన్న అంబదాస్ ముందుకొచ్చి, "నాలుగో సాంచా అమ్మం తమ్మీ, అది నీ పేరు మీదనే నడుస్తది," అన్నాడు. ముట్టలేదు. చిన్నమ్మ వచ్చింది, మేనమామ వచ్చాడు, బండి నడిపిన స్నేహితుడు కట్టు కట్టిన చేత్తో దండం పెట్టి ఏడ్చాడు. ఒకరి తర్వాత ఒకరు, వరసగా, ఎవరి వంతులో వాళ్లు. అన్నీ తప్పే. అన్నీ ప్రేమతో చెప్పిన తప్పులే. ఆమెకు తెలుసు అక్కడ ఏం చెప్పాలో. ఆ ఒడ్డున అంతమందిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

అప్పుడు అంబదాస్ వెనక్కి తిరిగి అందరినీ చూశాడు, కాలేజీవాళ్ల వైపు కూడా చూశాడు. "ఇంక ఎవ్వలన్న ఉన్నరా? ఎవ్వలన్న చెప్పేది ఉంటె చెప్పుండ్రి." అడిగి ఆగాడు. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు, ఊరికే ఆగాడు. గాలికి విస్తరి అంచు కొట్టుకోవడం వినిపించింది. అది ఆమె వంతు. ఆమె కనిపెట్టిన వంతే, పిలవనివాళ్ల కోసం తెరిచిన తలుపే, ఇసుక మీద ఆమె ముందు తెరిచి పెట్టారు. ఒక్క మాట చాలు. రెండక్షరాలు. ప్రిన్సిపాల్ పక్కన నిలబడి ఉన్నాడు, పిల్లలు నిలబడి ఉన్నారు, ఊరంతా నిలబడి ఉంది, దేవకి కొంగు అంచు వేలికి చుట్టుకుంది. నోరు తెరిచింది కూడా. గాలి తప్ప ఏమీ రాలేదు. అంబదాస్ ఇంకాసేపు చూసి, "సరె, ఏం జేస్తం, దూరం పోదాం పాండ్రి, మనం ఉంటె ముట్టదేమో," అన్నాడు. వెనక్కి తిరిగి చూడకూడదన్నారు. చూడకుండా నడిచింది. జీపు ఎక్కేటప్పుడు అతనే వచ్చి పగిలిన సెట్టు ఆమె చేతిలో పెట్టి, "మీ వస్తువు మేడం, తమ్ముని సంచిల ఉండె," అన్నాడు. పిట్ట ముట్టిందో లేదో ఆమె ఎవరినీ అడగలేదు.

మూడు పలికింది. నాలుగు పలకలేదు. హనుమండ్లు నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, "జీపు మలుపు దగ్గర కనబడుతున్నది మేడం," అన్నాడు. దేవకి నీళ్లు తాగింది. తల్లి సెట్టు నుంచి ఏ నంబరుకైనా ఒక చిన్న మాట పంపొచ్చు, అందినట్టు అటునుంచి జవాబు వచ్చేదాకా తల్లి దాన్ని దాచుకుని ప్రతి చుట్టులోనూ మళ్లీ పంపుతుంది, అది కైలాసం రాసిన పద్ధతి. డ్రైవర్ల కోసం నాలుగే మాటలు పెట్టారు. ఆగు, రా, వద్దు, సరే. ఆమె నాలుగు నంబరు నొక్కింది. సరే నొక్కింది.

ఒకటి పలికింది. రెండు, మూడు. తల్లి సెట్టు నాలుగును పిలిచింది, పిలిచి మాట చెప్పింది, చెప్పి ఆగింది. కాళ్ల దగ్గర సంచిలో పగిలిన సెట్టు చప్పుడు లేకుండా ఉంది. ఐదు పలికింది. మరో చుట్టు. తల్లి మళ్లీ చెప్పింది, సరే. ఆగింది. మరో చుట్టు, సరే. అతని పద్ధతే ఉంచితే ఇది ఇట్లా చెబుతూనే ఉంటుంది, ఆఫీసర్లు వచ్చినా, పోయినా, వానలు వచ్చినా, రేకుల కప్పు కింద ఈ పెట్టె ఎవరూ లేని చోటికి ఆ మాట పంపుతూ ఆగుతూ ఉంటుంది. ఆ ఆశ ఆమెను ఒక్క క్షణం పట్టి లాగింది. కానీ కింద ఏడుగురు మనుషులు బండ్లు నడుపుతున్నారు. వాళ్లలో ఎవడికన్నా బ్రేకు పోయి మీట నొక్కితే ఆ మాట ఒక చచ్చిపోయిన మనిషి వంతు అయ్యేదాకా ఆగాలా. కైలాసమే ఉంటే ఏమనేవాడు. సచ్చిపోలే మేడం, ఒడ్డెక్కితే పలుకుతది అనేవాడు. ఒడ్డెక్కడు. ఆ మాట లోపల మొదటిసారి అనుకుంది, ఒడ్డెక్కడు అని, అనుకోగానే కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే కారి బల్ల మీద పడ్డాయి, ఆమె తుడవలేదు. హనుమండ్లు చూసి బయటికి పోయి తలుపుకు వీపు ఆన్చి నిలబడ్డాడు, ఆఫీసర్లు వస్తే కాస్త ఆలస్యం అయ్యేట్టు.

ఇంకొక్క చుట్టు చెప్పనిచ్చింది. సరే. ఆగడం. తర్వాత తన పద్ధతికి మార్చి, నాలుగును కొట్టేసింది. దాచిన మాట పారేయాలా అని యంత్రం అడిగింది. పారేయమంది.

మూడు పలికింది. ఐదు పలికింది. అంతే, మధ్యలో ఏమీ లేదు. సందు కూడా లేదు, అంత తొందరగా పూడిపోయింది. జీపు ఆగి, బూట్ల చప్పుడు, మాటలు, పాన్ వాసన లోపలికి వచ్చాయి. పెద్దసారు అద్దాలు పెట్టుకుని దీపాల వరసను కాసేపు చూసి, "బాగుందమ్మా. పొద్దున చూసినప్పుడు ఎక్కడో తట్టుకుంటున్నట్టుండె, ఇప్పుడు సాఫ్‌గ నడుస్తున్నది," అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. దేవకి నమస్కారం పెట్టి, కింద ఒక్కో బండినీ చూపిస్తూ, ఏది ఎప్పుడు పలుకుతుందో, రెండు ఒక్కసారే పలికితే ఏమవుతుందో తరగతిలో చెప్పినట్టే చెప్పుకుపోయింది.

"మరి గీ చివరి దీపం ఏంది?" అన్నాడు పెద్దసారు, వేలు పెట్టి చూపిస్తూ. "అన్నీ పలుకుతున్నయి, ఇది ఒక్కసారి కూడ వెలుగుతలేదు. గీ ఖాళీ కూడ తీసెయ్యొచ్చు గద, ఇంక జల్ది అయితది."

"అది తియ్యరాదు సార్. ఎక్కడన్న గుట్ట ఎనుక తప్పిపోయినోళ్లు తిరిగొస్తే తట్టేతందుకు."

"ఎవలన్న ఉన్నరా అట్ల?"

దేవకి ఆ దీపం వైపు చూసింది. చుట్టు అయిపోయి తల్లి సెట్టు ఎవరినీ పిలవకుండా వింటోంది. "ఇప్పటికైతె ఎవ్వరు లేరు సార్," అంది. ఆయన సరేనని కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను కోసం జేబు తడుముకున్నాడు. దీపం వెలగలేదు. ఒకటి పలికింది. రెండు పలికింది. అందరూ బయటికి నడిచాక కూడా ఆమె అక్కడే కూర్చుని, వంతు వచ్చిన ప్రతిసారీ ఆ చివరి దీపానికి గడ్డం ఇంత పైకెత్తి చూసింది.